నిమ్మరసంతో రాసిన ఉత్తరాలు

కోల్‌కతా, డార్జిలింగ్, లక్నో, షిల్లాంగ్‌లలోని లొరెటో బడుల్లో జనవరి చివరి వారం వచ్చిందంటే ఒక పేరు తలుచుకుంటారు. ఆ పేరు మేరీ వార్డ్. ఆమె 1585 జనవరి 23న ఇంగ్లండులో పుట్టింది, 1645 జనవరి 30న అక్కడే కన్నుమూసింది. తెలుగువాళ్లకు ఆమె పెద్దగా పరిచయం లేదు. అయినా విశాఖలోనో, సికింద్రాబాదులోనో, గుంటూరులోనో సిస్టర్ల బడిలో చదువుకున్న ప్రతి ఆడపిల్లా ఆమెకు ఎంతో కొంత రుణపడే ఉంది. మఠకన్య గోడ దాటి వీధిలోకి రావచ్చని, వచ్చి ఊరి పిల్లలకు చదువు చెప్పవచ్చని ఆమె జీవితమంతా వాదించింది. ఆ వాదన నెగ్గకపోతే మన ఊళ్లలో ఆ బడులు ఉండేవి కావు.

ఆమెకు ముందటి వెయ్యేళ్ల కథ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఏడో శతాబ్దంలో విట్‌బీ మఠాన్ని హిల్డా అనే స్త్రీ నడిపింది. అక్కడ చదువుకున్నవాళ్లలో ఐదుగురు బిషప్పులయ్యారు. పన్నెండో శతాబ్దంలో జర్మనీలో హిల్డెగార్డ్ మఠంలోనే ఉండి వైద్యం మీద పుస్తకాలు రాసింది, సంగీతం కట్టింది. ఐరోపాలో ఆడపిల్లకు అక్షరం దొరికే చోటు ఏదైనా ఉందంటే చాలాకాలం అది మఠమే. తర్వాత తలుపులు బిగిశాయి. సన్న్యాసం తీసుకున్న స్త్రీ మఠం గడప దాటకూడదని 1298లో పోప్ శాసనం చేశాడు. కతోలిక బిషప్పుల ట్రెంట్ మహాసభ 1563లో దాన్ని మళ్లీ గట్టిపరిచింది. ఇటలీలో 1535లో ఆంజెలా మెరీచి కూడగట్టిన కన్యలు తమ ఇళ్లలోనే ఉంటూ సేవ చేశారు. ఆమె పోయాక వాళ్లలోనూ చాలామంది గోడల లోపలికి వెళ్లక తప్పలేదు.

మేరీ పుట్టింది అలాంటి రోజుల్లో, యార్క్‌షైర్‌లోని ఒక కతోలిక కుటుంబంలో. అప్పటి ఇంగ్లండులో పూజ చేసే కతోలిక గురువును ఇంట దాచడమే నేరం. చిన్నతనంలో మేరీ కొన్నేళ్లు అమ్మమ్మ దగ్గర పెరిగింది. ఆ అమ్మమ్మ విశ్వాసం కోసం ఏళ్ల తరబడి చెరలో గడిపిన మనిషి, రాత్రిళ్లు లేచి జపం చేసుకునేది. 1605లో రాజును పార్లమెంటుతో సహా పేల్చేయాలని పన్నిన కుట్రలో మేరీ మేనమామలిద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆయుధం పట్టినవాళ్ల దారి ఎక్కడికి చేరిందో ఆమె సొంత ఇంట్లోనే చూసింది. తన దారిగా చదువును ఎంచుకుంది.

1609లో కొందరు యువతులతో కలిసి సముద్రం దాటి సెంట్ ఒమేర్ చేరింది. ఇప్పుడు ఫ్రాన్సులో ఉన్న ఆ పట్నం అప్పుడు స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. ఇంగ్లండులో కతోలిక బడి పెట్టే వీలు లేదు కాబట్టి అక్కడి కుటుంబాలు ఆడపిల్లలను రహస్యంగా ఓడ ఎక్కించి ఈ బడికి పంపేవి. వాళ్లకు వసతి బడి, ఊళ్లోని పిల్లలకు ఫీజు లేని పగటి బడి. చదవడం, రాయడం, కుట్టుపని, సంగీతం, వాటితోపాటు మగపిల్లల సొత్తు అనుకునే లాటిన్ కూడా నేర్పారు. పిల్లలతో నాటకాలు వేయించారు.

యేసుసభ (జెస్యూట్) గురువులు ఎలా బతుకుతారో తామూ అలాగే బతకాలని ఆమె కోరిక. గోడ వద్దు, ప్రత్యేక వేషం వద్దు, ఊరి బిషప్పు అదుపు వద్దు, నేరుగా పోప్‌కే విధేయత. 1617లో ఒకాయన, వీళ్ల ఉత్సాహం ఎన్నాళ్లు నిలుస్తుంది, ఎంతైనా ఆడవాళ్లేగా అన్నాడు. ఆ మాట చెవిన పడ్డాక మేరీ సహచరులను కూర్చోబెట్టి మూడు ప్రసంగాలు చేసింది. ఉత్సాహం చల్లారితే మనిషి బలహీనత వల్ల చల్లారుతుంది, ఆడపుట్టుక వల్ల కాదని చెప్పింది. గొప్ప పనులు చేయడానికి స్త్రీ పురుషుల మధ్య తేడా లేదని, రాబోయే కాలంలో స్త్రీలు ఎంతో చేస్తారని చెప్పింది. అదంతా ఆమె భక్తిలోంచి పుట్టిన మాట. సత్యాన్ని తెలుసుకోవడం దేవుడు అందరికీ ఇచ్చిన పని అయినప్పుడు, ఆడపిల్లను చదువుకు దూరం పెట్టడం దేవుడి పనికి అడ్డుపడటమేనని ఆమె నమ్మింది.

పోప్ అనుమతి కోసం 1621 శీతాకాలంలో ఆల్ప్స్ కొండలు దాటి రోముకు నడిచింది. రెండు నెలల ప్రయాణం తర్వాత క్రిస్మస్ ముందురోజు ఊరు చేరింది. రోము, నేపుల్స్, పెరుజా, మ్యూనిక్, వియన్నా నగరాల్లో బడులు లేచాయి. వాటితోపాటే నిందలూ లేచాయి. గురువుల వేషం కట్టిన ఆడవాళ్లని, ఊళ్లు పట్టి తిరిగే పిల్లలని ఎగతాళి చేశారు. చివరికి 1631 జనవరి 13న పోప్ ఎనిమిదో అర్బన్ శాసనంతో సంస్థ మొత్తం రద్దయింది. గోడ లేకుండా తిరగడం, స్త్రీ స్వభావానికి తగని పనులు తలకెత్తుకోవడం అనేవి ఆమె మీద మోపిన తప్పులు.

నాలుగు వారాలు తిరక్కముందే, ఫిబ్రవరి 7న మ్యూనిక్‌లో ఆమెను పట్టుకున్నారు. నేరం మతద్రోహం. ఏ కతోలిక శ్రీసభ కోసం కన్నవారినీ పుట్టిన ఊరినీ వదులుకుందో ఆ శ్రీసభే ఆమెను ద్రోహి అంది. ఊళ్లోని క్లారా సభ మఠంలో, కిటికీలు మూసేసిన ఒక రోగి గదిలో పెట్టారు. తోడుగా నర్సు పని తెలిసిన సహచరి ఒకరిని మాత్రమే ఉండనిచ్చారు. బయటివాళ్లకు ఉత్తరం రాయడానికి వీల్లేదన్నారు.

ఆమె కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. మేరీకి కావలసిన వస్తువులను సహచరులు కాగితాల్లో చుట్టి మఠానికి పంపేవారు. ఆమె ఆ కాగితాల మీదే నిమ్మరసంతో రాసేది. రసం ఆరిపోతే కాగితం మామూలుగానే కనిపిస్తుంది. మళ్లీ ఏదో వస్తువు చుట్టుకుని అది బయటికి వచ్చేది. సహచరులు దాన్ని నిప్పు సెగకు చూపితే అక్షరాలు గోధుమరంగులో పైకి తేలేవి. వాళ్ల జవాబులూ అదే దారిలో లోపలికి చేరేవి. కాపలావాళ్ల కంటపడినా తెలియకుండా మనుషులకు మారుపేర్లు పెట్టుకున్నారు.

ఆ ఉత్తరాలు 20కి పైగా ఇప్పటికీ మిగిలాయి. ఎవరికి ఏ విన్నపం ఎలా రాయాలో, ఎవరిని నమ్మవచ్చో, ఎవరి దగ్గర జాగ్రత్తగా ఉండాలో వాటిలో ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా, దిగులు పడొద్దు, ఉల్లాసంగా ఉండండి అనే బోధ ఉంది. తనను బంధించినవాళ్లను ద్వేషించమని చెప్పిన మాట లేదు. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర నేర్చిన ఓర్పు, పెద్దయ్యాక బడి నడిపి అలవరచుకున్న చురుకుదనం రెండూ ఆ కాగితాల మీద కలిసి కనిపిస్తాయి.

చెరలోనే జబ్బుచేసి ప్రాణం మీదికి వచ్చింది. చనిపోయేముందు గురువు ఇచ్చే చివరి అభ్యంగనం ఇవ్వమని అడిగింది. ముందు ఈ కాగితం మీద సంతకం చెయ్యి అన్నారు. చేస్తే మతద్రోహం ఒప్పుకున్నట్టే. అభ్యంగనం అందకుండానే పోవలసి వచ్చినా సరే, చేయని తప్పు ఒప్పుకోనంది. తన విశ్వాసం ఏమిటో తన మాటల్లో రాసి ఇచ్చింది. తర్వాత కోలుకుంది. పోప్‌కు విన్నపం చేరింది. ఏప్రిల్ నడుమ ఆమెను వదిలేశారు. ఆ తొమ్మిది వారాల్లో క్లారా సభ కన్యలే ఆమెకు ఆత్మీయులయ్యారు. మరుసటేడు రోముకు వెళ్లి పోప్ ఎదుటే నిలబడి తాను ద్రోహిని కానని చెప్పింది. ఆయన అంగీకరించాడు. సంస్థను మాత్రం తిరిగి నిలబెట్టలేదు.

1639లో సొంత దేశం చేరి, అంతర్యుద్ధపు రోజుల్లో యార్క్ పక్కనే ప్రాణం విడిచింది. ఆస్‌బాల్డ్‌విక్ పల్లెలో ఆమె సమాధిరాయి ఇప్పటికీ ఉంది. పేదలను ప్రేమించడం, వాళ్లతోనే బతకడం, వాళ్లతోనే చావడం ఆమె ధ్యేయమని దాని మీద చెక్కారు.

ఆ తర్వాతి కథను వేగంగా చెప్పుకుందాం. 1686లో యార్క్‌లో ఆమె మార్గంలోని స్త్రీలు ఒక ఇల్లు కొని గుట్టుగా బడి పెట్టారు. వాళ్ల నియమావళిని రోము 1703లో ఒప్పుకుంది. కానీ మేరీ వార్డ్‌ను వ్యవస్థాపకురాలని చెప్పుకోకూడదని 1749లో ఆజ్ఞ వచ్చింది. ఆ నిషేధం 1909 దాకా సాగింది. పోప్ పదహారో బెనెడిక్ట్ 2009లో ఆమెకు పూజ్యురాలి స్థానం ఇచ్చారు.

యార్క్ బడికి 1803లో డబ్లిన్ నుంచి వచ్చిన చిన్నపిల్ల ఫ్రాన్సెస్ బాల్. పెద్దయ్యాక తెరెసా పేరుతో మఠకన్యగా ఐర్లండుకు తిరిగివెళ్లి లొరెటో సంస్థను స్థాపించింది. అక్కడి నుంచి కొందరు సిస్టర్లు 1841 డిసెంబరు చివర కలకత్తా రేవులో దిగారు. 1929లో అదే సంస్థలో సిస్టరు కావడానికి వచ్చి, తర్వాత ఎంటాలీ బడిలో పాఠాలు చెప్పిన అల్బేనియన్ యువతిని లోకం తర్వాత మదర్ తెరెసాగా ఎరిగింది. ఆమె లొరెటో వదిలి మురికివాడల్లోకి వెళ్లినప్పుడు మొదట ఆమె వెంట నడిచింది ఆ బడిలో ఆమె పాఠాలు విన్న ఆడపిల్లలే.

తెలుగు నేలకు వచ్చినవాళ్లు వేరే సభలవాళ్లు. 1849లో సవోయ్ ప్రాంతపు అన్సీ నుంచి పునీత జోజప్ప సభ సిస్టర్లు యానాం, విశాఖ తీరానికి వచ్చారు. 1871లో ట్యూరిన్ నుంచి పునీత అన్నమ్మ సభవాళ్లు సికింద్రాబాదుకు, 1904లో హాలండు నుంచి యేసు మరియ జోజప్ప (జె.ఎం.జె.) సభ సిస్టర్లు గుంటూరుకు చేరారు. వాళ్లకు మేరీ వార్డ్ గురువు కాదు. కానీ వీధిలో నడిచి, బడి నడిపి బతికే సన్న్యాసం కోసం ఆమె చెర అనుభవించింది. వీళ్లందరూ బతికింది ఆ బతుకే.

గుంటూరులో ఇంకో గోడ కూడా కూలింది. 1920 ఫిబ్రవరి 12న ఆస్ట్రేలియా డాక్టరు మేరీ గ్లోరీ అక్కడికి వచ్చి జె.ఎం.జె. సభలో చేరింది. మఠకన్యలు వైద్యం చేయకూడదన్న కట్టడి అప్పటికి ఉంది. పోప్ ప్రత్యేక అనుమతితో ఆమె వైద్యం చేసింది, ఇక్కడి యువతులకు నర్సు పని, మందులు కలిపే పని నేర్పింది. సిస్టర్లందరికీ ఆ తలుపు తెరుచుకున్నది 1936లో.

ఇక్కడి నుంచి కథ ఒక్క దారిలో నడవదు. కోస్తా పల్లెల్లో ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక మిషన్) బడి, దాని పక్కనే హాస్టలు. ఆ రెండింటి వల్ల ఇంట్లో మొట్టమొదట పదో తరగతి గట్టెక్కి టీచరుగానో, నర్సుగానో స్థిరపడిన దళిత ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. పట్నాల్లో అవే సభల బడుల్లో సీటు కోసం కలిగిన కుటుంబాలు బారులు తీరాయి. హిందూ, ముస్లిం అమ్మాయిలు జపమాల పట్టకుండానే ఆ క్రమశిక్షణను, నలుగురిలో నిలబడి మాట్లాడే ధైర్యాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. ఫీజులు పెరిగాయి, సిస్టరుగా చేరేవాళ్లు తగ్గారు. పేదలకోసం మొదలైన బడి ఎవరిదన్న ప్రశ్న ముందుకొచ్చింది.

ఆ ప్రశ్నకు కోల్‌కతా లొరెటో సియాల్దాలో సిస్టర్ సిరిల్ మూనీ చేతలతో జవాబిచ్చింది. 1979లో ప్రధానోపాధ్యాయురాలై, ఫీజు కట్టలేని పిల్లల సంఖ్యను ఏటేటా పెంచుతూ బడిలో సగానికి తెచ్చింది. 1985 నుంచి వీధిలో బతికే బాలికలకు బడి తలుపు తెరిచింది, వాళ్లకు అక్షరాలు దిద్దించే పని ఫీజు కట్టి చదివే పిల్లలకే అప్పగించింది. 2007లో పద్మశ్రీ అందుకున్న ఆమె 2023లో కన్నుమూసింది. పుట్టిన ఇల్లు ఏదైనా పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుంటే అందరి చదువూ మెరుగవుతుందని ఆ బడి రుజువు చేసింది. ఆస్‌బాల్డ్‌విక్ రాయి మీది మాటను ఈ కాలానికి తర్జుమా చేసింది ఆమే. బయటికి వెళ్లే హక్కు కోసం మేరీ వార్డ్ చెరలో పడింది. ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకోవలసినవి ఈనాటి బడులు. ఆ తీర్పు ఏటా జూన్‌లో, ప్రవేశాల జాబితాలో కనబడుతుంది.