జైల్లో కాగితం ఎవరి చేతికి అందింది?

పోయిన భాగంలో గ్రంథాలయోద్యమంలో వెలివాడల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి జైలు.

తెలుగులో జైలు సాహిత్యం అనగానే మేం పాఠం మొదలుపెట్టేది ‘మాలపల్లి’తోనే. సహాయ నిరాకరణ రోజుల్లో అరెస్టయిన ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవెల్లూరు జైల్లో కూర్చుని రాసిన నవల అది. 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మాల కుటుంబాన్ని నడిమధ్య నిలబెట్టి అంత పెద్ద నవల రాయడం ఆనాటికి చిన్న సంగతి కాదు. ఆ గౌరవం ఉన్నవకి దక్కాల్సిందే.

రెండేళ్ళ కింద ఈ పాఠం చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, “సార్, ఆయన నవల రాసుకుంటుంటే జైల్లో పాకీపని ఎవరు చేశారు?” అని అడిగింది. కొందరు నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వడానికి అడగలేదు.

జవాబు జైలు మాన్యువళ్ళలో ఉంది. 1894 జైళ్ళ చట్టం కింద రాష్ట్రానికొకటి చొప్పున తయారైన పుస్తకాలవి. వంట ఫలానా కులం వాళ్ళే చేయాలి, మరుగుదొడ్లు ఆ పనికి ‘అలవాటుపడిన’ కులాల వాళ్ళే కడగాలి అని చాలాచోట్ల అచ్చులోనే రాసి పెట్టారు. ఊళ్ళో వాడ ఎక్కడుండాలో చెప్పినట్టే, జైల్లో చీపురు ఎవరు పట్టాలో చెప్పారు. మరి కలం ఎవరు పట్టాలి?

దానికీ రూలుంది. 1929లో లాహోర్ జైల్లో భగత్ సింగ్, ఆయన సహచరులు నిరాహార దీక్ష చేశారు. మంచి తిండితో పాటు పుస్తకాలు, పత్రికలు కావాలన్నది కూడా వాళ్ళ డిమాండే. 63 రోజుల దీక్ష తర్వాత సెప్టెంబర్ 13న జతిన్ దాస్ చనిపోయాడు. పుస్తకం కోసం కూడా పోయిన ప్రాణం అది. ఆ ఒత్తిడితో ప్రభుత్వం 1930లో ఖైదీలను ఎ, బి, సి తరగతులుగా విడగొట్టింది. పై తరగతి కావాలంటే ఏముండాలి? సామాజిక హోదా, చదువు, మెరుగైన జీవితానికి అలవాటుపడి ఉండటం. కులం అన్న మాట ఎక్కడా లేదు. అవసరం కూడా లేదు. 1930లో ఈ మూడూ ఉన్న మాల, మాదిగ ఇళ్ళు ఎన్ని? బయట బడి గుమ్మం ఎక్కనివ్వని వాణ్ణి, లోపల చదువులేదని సి తరగతిలో పడేశారు. ఒకడు తిండికోసం, పుస్తకం కోసం ప్రాణమిస్తే వచ్చిన సౌకర్యం, మనవాళ్ళ దాకా రాకుండా ఇలా ఆగిపోయింది.

నిజాం రాజ్యంలో ఇంకో దారి కనిపిస్తుంది. వట్టికోట ఆళ్వారుస్వామి ఇళ్ళల్లో వంట చేశాడు, హోటల్లో సర్వర్‌గా పనిచేశాడు, తనంతట తనే చదువు నేర్చుకున్నాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు ఊరూరా తిరిగి అమ్మాడు. నిజామాబాద్ జైల్లో ఆయనతో ఉన్న దాశరథి పళ్ళు తోముకునే బొగ్గుతో గోడమీద పద్యాలు రాయడం మనకు బాగా తెలిసిన కథే. దాశరథి ‘అగ్నిధార’ను అంకితమిచ్చింది కూడా ఆళ్వారుస్వామికే. గోడమీద పద్యం అందరికీ గుర్తుంది. ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథలు ఎంతమంది చదివారు? రాజకీయ ఖైదీ కథలు కావవి. మామూలు నేరాల మీద లోపలికొచ్చిన వాళ్ళ కథలు. సి తరగతి మనిషిని తన పక్కన కూర్చోబెట్టుకుని, నువ్విక్కడికి ఎట్లా వచ్చావని అడిగిన రచయిత ఆయన. నా లెక్కలో తెలుగు జైలు సాహిత్యం అక్కణ్ణుంచి మొదలవ్వాలి.

మరి చదవడం? మా పెదనాన్న కొడుకు ఒక కేసులో ఐదు నెలలు రిమాండులో ఉన్నాడు. అన్న చదివింది ఏడో తరగతి. అయినా బ్యారక్‌లో కూడబలుక్కుని చదవగలిగింది తనే కావడంతో, రాత్రిళ్ళు అందరూ ఛార్జిషీట్లు పట్టుకుని తన దగ్గరికే వచ్చేవాళ్ళట. గట్టిగా చదువుతుంటే బుర్రకథ విన్నట్టు వినేవాళ్ళు. మధ్యలో ఎవడో ఒకడు, “అట్లా జరగలేదన్నా, వాడు అబద్ధం రాశాడు” అనేవాడు. తమ మీద పోలీసులు రాసిన కథని తాము విని, తప్పులు దిద్దుకోవడం! దీన్ని సాహిత్య విమర్శ అనకపోతే ఇంక దేన్నంటాం?

2022 లెక్కల ప్రకారం దేశంలో ప్రతి 4 ఖైదీల్లో 3 మంది విచారణ ఖైదీలే. ఛార్జిషీటు నకలు ఉచితంగా పొందడం ముద్దాయి హక్కు. దాన్ని చదివి చెప్పే మనిషి మాత్రం అందరికీ దొరకడు.

2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్ని బట్టి పని అప్పగించే నిబంధనలు చెల్లవని చెప్పింది. జైలు రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయమంది. కేసు కదిలింది ఆ జర్నలిస్టు 2020లో రాసిన కథనంతో. మాన్యువళ్ళలోని వాక్యాలు తీర్పులోనే ఉన్నాయి. లా విద్యార్థులు అవి తెలుగు చేసి హాస్టళ్ళలో చదివి వినిపించండి. చీపురు సంగతి కోర్టు దాకా వెళ్ళింది. జైలు లైబ్రరీ తాళం ఎవరి దగ్గరుంది, సి తరగతి వారసుల చేతికి పుస్తకం వస్తుందా అన్నది ఇంకా అడగాల్సిన ప్రశ్నే.

వచ్చే భాగంలో ‘జైలు లోపల’ కథల్లోకి వెళ్దాం. దొరికినవాళ్ళు చదివి రండి.