కవాలా: గోడౌన్లు చెప్పిన చరిత్ర

ఒక ఊరి చరిత్ర రాసేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలన్నది చిన్న ప్రశ్న కాదు. ఆ చరిత్రలో ఎవరు కనిపిస్తారు, ఎవరు కనిపించకుండా పోతారు అన్నది దాన్నిబట్టే తేలిపోతుంది. ఉత్తర గ్రీసులోని కవాలా అనే రేవు పట్టణంలో ఈ సంగతి నాకు స్పష్టంగా అర్థమయింది.

గ్రీసు అనగానే మన సాహిత్య విద్యార్థికి ఏథెన్సు, హోమర్, సోఫోక్లీస్, అరిస్టాటిల్ గుర్తుకొస్తారు. కవాలా పేరు చాలామంది విని ఉండరు. థెస్సలొనీకి నుంచి తూర్పుగా సుమారు 150 కిలోమీటర్లు. మా మేనల్లుడు కారు నడుపుతుంటే ఆ దారిన వెళ్లాను. రోమన్లు క్రీ.పూ. రెండో శతాబ్దంలో తమ సైన్యాల కోసం వేసిన ఎగ్నాషియా మార్గం పేరే నేటి పెద్ద రహదారికీ పెట్టారు. పాలకులు మారినా దారుల పేర్లు అంత తొందరగా మారవు.

"ముందు ఫిలిప్పీ చూసేద్దాం మామయ్యా, శిథిలాలు ఉన్నదక్కడే" అన్నాడు వాడు. కవాలాకు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది ఫిలిప్పీ. క్రీ.పూ. 42లో బ్రూటస్, కాసియస్‌లు ఆంటొనీ, ఆక్టేవియన్‌ల చేతిలో ఓడిపోయింది ఆ మైదానంలోనే. రోమన్ గణతంత్రం ఆశ అక్కడితో ముగిసింది. మొదటి శతాబ్దంలో అపొస్తలుడు పౌలు కవాలా రేవులో దిగి ఫిలిప్పీకి నడిచాడు. అప్పటికి ఆ రేవు పేరు నియాపొలిస్.

ఊళ్లోకి వస్తే 16వ శతాబ్దపు నీటికాలువ కమానులు, కొండమీద కోట, 1769లో ఇక్కడ పుట్టి ఈజిప్టును ఏలిన మహమ్మదాలీ ఇల్లు. ఆయన కట్టించిన 'ఇమారెత్' ఒకనాడు పేదలకు అన్నంపెట్టిన సత్రం. నేడు ధనికులు బసచేసే హోటలు. యాత్రికుల కరపత్రాలలో కవాలా చరిత్ర దాదాపుగా ఇంతే. సేనాని, ప్రవక్త, పాషా.

కాని రేవునుంచి వీధుల్లోకి నడిస్తే కంటికి కనిపించేవి పొగాకు గోడౌన్లు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పాఠకులకు గ్రేడింగు పని గురించి చెప్పనక్కరలేదు. ఇక్కడి ఆకు మాత్రం బేరన్‌లో కాల్చే వర్జీనియా కాదు. ఎండలో ఆరబెట్టే చిన్న ఆకు. దాన్ని ఆకు ఆకుగా ఏరి, రకాలు విడదీసి బేళ్లు కట్టడానికి వేలాదిమంది కూలీలు ఆ దుమ్ములో కూర్చునేవారు. క్షయ వారి వృత్తిరోగం. 1923 జనాభా మార్పిడిలో ఆసియా మైనరునుంచి తరిమివేయబడ్డ శరణార్థులు వచ్చి ఈ శ్రామికుల్లో కలిశారు. ఆకును శుద్ధిచేయకుండానే ఎగుమతిచేసి కూలి ఖర్చు తప్పించుకోవాలని వర్తకులు చూశారు. తమ పని పోతుందని కార్మికులు సమ్మెలు చేశారు. 1934లో వారు తమ ఊరి మేయరుగా పార్త్సాలీదిస్‌ను ఎన్నుకున్నారు. గ్రీసులో మేయర్లయిన తొలి కమ్యూనిస్టుల్లో ఆయన ఒకడు. ప్రభుత్వం ఆయన్ని ఎంతో కాలం ఆ పదవిలో ఉండనివ్వలేదు.

1936 మే నెలలో పొగాకు కార్మికుల సమ్మె థెస్సలొనీకి నుంచి కవాలాతో సహా అనేక పట్టణాలకు పాకింది. మే 9న థెస్సలొనీకిలో పోలీసులు కాల్పులు జరిపారు. 12 మంది చనిపోయారు. కొడుకు శవంమీద వంగి ఏడుస్తున్న ఒక తల్లి ఫోటో పత్రికలో వచ్చింది. దాన్ని చూసి యానిస్ రిత్సోస్ 'ఎపితాఫియోస్' రాశాడు. అదే సంవత్సరం ఆగస్టులో గద్దెనెక్కిన మెటాక్సాస్ నియంతృత్వం ఆ కావ్యం ప్రతులను ఏథెన్సులో జ్యూస్ ఆలయం దగ్గర తగలబెట్టించింది.

ఈ కావ్యాన్ని కేవలం మాతృశోకంగా చదివే విమర్శకులున్నారు. రిత్సోస్ వాడింది జానపద శోకగీతాల పదిహేనక్షరాల ఛందస్సు. పేరు పెట్టింది శుభశుక్రవారపు క్రతువుది. నిజమే. అయితే ఆ పాత రూపం కొత్త శక్తి పొందింది, చనిపోయినవాడు ఎందుకు చనిపోయాడో ఆ తల్లి తెలుసుకోవడంవల్ల. సమ్మెను తీసేసి కావ్యాన్ని మిగుల్చుకోవడం సాధ్యం కాదు.

ఐతే గోడౌన్లను శ్రామికుల ఆలయాలుగా చిత్రించడమూ పొరపాటే. 1943 మార్చి 4న, బల్గేరియా ఆక్రమణ కాలంలో, కవాలా యూదులు సుమారు 1,500 మందిని తెల్లవారకముందే ఇళ్లలోంచి లాగి పొగాకు గోడౌన్లలోనే బంధించారు. అక్కడినుంచి ట్రెబ్లింకా మరణశిబిరానికి పంపారు. వారిలో పొగాకు పనివారూ ఉన్నారు. తాము ఆకు ఏరిన చోటే వారికి చెర అయింది.

నేడు ఊళ్లో పొగాకు మ్యూజియం ఉంది. పొగాకు కార్మికుడి పేర ఒక చౌకూ, అందులో విగ్రహమూ ఉన్నాయి. మేము వెళ్లినపుడు విగ్రహం ఎదుట కాఫీ తాగుతున్నవారెవరూ దానివైపు చూడటంలేదు. అందుకు వారిని తప్పుపట్టను. శిలావిగ్రహం నిలబెట్టినంతమాత్రాన జ్ఞాపకం నిలబడదు. అది రచయితల పని. మన ఊళ్లలోని గోడౌన్లు, మిల్లులు, గనులు ఎవరి కథలు దాచుకున్నాయో మనం ఇంకా పూర్తిగా అడిగి తెలుసుకోలేదు.