పెక్కండ్రు: చిరువర్తకుడికి తోటివారే అండ



సంతలో దుకాణం పెట్టుకున్న మనిషి చుట్టూ పొద్దస్తమానం జనమే. అయినా కష్టం వచ్చిననాడు అతనంత ఒంటరివాడు ఉండడు. అరువు మునిగిన సంగతి కొనేవారితో చెప్పుకోలేడు. సరుకిచ్చే షావుకారుతో చెబితే మళ్ళీ సరుకు రాదు. ఇంట్లో చెబితే అందరికీ దిగులు. ఆ బాధ తెలిసేది అదే వ్యాపారం చేసే తోటివాడికి. ఈ సంగతి మన పూర్వులు ఏనాడో గ్రహించారు. కాకతీయుల కాలపు తెలుగు శాసనాలలో వర్తక సంఘానికి వాడిన మాట ‘పెక్కండ్రు’. అంటే చాలామంది అని అర్థం. ఒక్కడు కాకపోవడమే ఆ సంఘం బలమని పేరే చెబుతోంది.

అలాంటి సంఘాలలో మిక్కిలి పేరుపొందినది అయ్యావళి ఐనూరు. అయ్యావళి అంటే కర్ణాటకలో, బాగల్‌కోటె జిల్లాలో, మలప్రభ నది దగ్గర ఉన్న నేటి ఐహొళె. ఐనూరు అంటే అయిదు వందలు. అది సభ్యుల లెక్క కాదు, సంప్రదాయంగా నిలిచిపోయిన పేరు. వీరి శాసనాలు కన్నడంలో ఉన్నాయి, తెలుగులో ఉన్నాయి, తమిళంలో ఉన్నాయి. సముద్రం దాటి సుమత్రా దీవిలోని బారుస్ దగ్గర దొరికిన 1088 నాటి తమిళ శాసనంలోనూ ఈ అయిదు వందలవారి ప్రస్తావన ఉంది. రాజులు వేరు, భాషలు వేరు, సంఘం పేరు మాత్రం ఒక్కటే. రెండు భాషల నడుమ బతుకుతున్న సరిహద్దు జిల్లాల మనకు ఇది తెలుసుకోదగ్గ విషయం.

ఈ సంఘంలో ఉన్నవారంతా కోటీశ్వరులనుకుంటే పొరపాటు. శివమొగ్గ జిల్లా శికారిపుర ప్రాంతపు 11వ శతాబ్ది శాసనమొకటి వీరి సరుకులను వరుసగా చెబుతుంది. ఏనుగులు, గుర్రాలు, ముత్యాలు, ఏలకులు, లవంగాలు, కర్పూరం అందులో ఉన్నాయి. వాటిని టోకున అమ్మేవారితో పాటు, భుజాన మోసుకుని తిరిగి అమ్మేవారి మాట కూడా అదే శాసనంలో ఉంది.

మరి వీరు ఎందుకు కలిశారు? ఆనాటి వ్యాపారం ప్రాణాలకూ సొమ్ముకూ తెగించి చేసేది. దారిలో దొంగల భయం. గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, మిగిలిన సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారట. అలా చేయబోమని గణపతిదేవుడు మోటుపల్లిలో 1244 ప్రాంతంలో అభయశాసనం వేయించాడు. ఇటువంటి రోజులలో ఒంటరి వర్తకుడు ఒక్క దెబ్బకే కూలిపోతాడు. అందుకే ఐనూరువారు తమ రక్షణకు వీరభటులను పెట్టుకున్నారు. కొన్ని ఊళ్ళను తమ కాపుదలలోని వీరపట్టణాలుగా ప్రకటించారు. మదనపల్లె దగ్గరి బసినికొండ శాసనం అటువంటిదే.

ఖర్చు ఎలా వచ్చేది? తమిళనాడులో, శివగంగ జిల్లాలోని పిరాన్‌మలైలో 13వ శతాబ్ది శాసనం ఉంది. ఉప్పు, బియ్యం, మిరియాలు, వక్కలు, బట్టలు వంటి సరుకుల మీద, బస్తాకింత, మోపుకింత అని వర్తకులే కొద్దిపాటి వంతు నిర్ణయించుకుని గుడికి ఇచ్చారు. తలా కొంచెం వేస్తే ఎవరికీ భారం కాదు, అందరిదీ కలిస్తే పెద్ద మొత్తం.

ఇంతకూ వీరిని కట్టి ఉంచినది డబ్బు ఒక్కటే కాదు. తమ కట్టుబాటును వారు ‘సమయం’ అన్నారు. ఇక్కడ సమయమంటే వేళ కాదు, ఒప్పందం. మాట తప్పితే తోటివారి ముందు తల ఎత్తుకోలేమన్న భయమే దాని పునాది. అయితే సంతలో గంప పెట్టుకుని కూర్చున్న ఆడమనిషికి ఆ సంఘాలలో చోటున్నట్టు శాసనాలలో కనిపించదు. ఆ లోపాన్ని మరచిపోకూడదు.

కాలక్రమంలో ఆ సంఘాలు కనుమరుగయ్యాయి. చిన్న వర్తకుడికి వడ్డీవ్యాపారే దిక్కయ్యాడు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. మరుసటి ఏడే గదగ్ ప్రాంతంలోని కణగినహాళలో సహకార సంఘం వెలిసింది. కానీ సంఘం పెద్దదై, సభ్యులు ఒకరికొకరు తెలియనివారైతే ఏమవుతుందో 1980 దశకంలో కోలారు జిల్లా కామసముద్రం చూపించింది. అక్కడి సహకార సంఘాలు విడిపోయాయి. అప్పు తీసుకున్నవారు ‘మైరాడా’ అనే స్వచ్ఛంద సంస్థ దగ్గరకు వెళ్ళి, బాకీ మీకే కడతాం, సంఘానికి మాత్రం కట్టం అన్నారు. మాకెందుకు, మీలో మీరే కట్టుకోండి అని సంస్థవారు జవాబిచ్చారు. అలా ఒకరినొకరు నమ్మే చిన్న బృందాలు నిలబడ్డాయి. ఇటువంటి అనుభవాలను చూశాకే నాబార్డు 1992లో స్వయం సహాయక బృందాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టింది. మొదట అనుకున్న బృందాల సంఖ్య ఎంతో తెలుసా? సరిగ్గా 500! కాకతాళీయమే కావచ్చు, కానీ వినడానికి బాగుంది కదా! పైగా వెనుకటి సంఘాలలో చోటు దొరకని ఆడవారే ఈ బృందాలకు ప్రాణమయ్యారు.

దీనిని బట్టి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. బృందానికి బలం నిధి పెద్దదవడంలో లేదు. ఒకరి లెక్క మరొకరికి తెలియడంలో ఉంది. పదిమంది కిరాణావారు కలిసి ఒకే లారీలో సరుకు తెప్పించుకుంటే కిరాయి తగ్గుతుంది. అరువు ఎగవేసే మనిషి సంగతి అందరికీ తెలుస్తుంది. ఒకరు జబ్బుపడితే ఆ దుకాణం తెరిచేందుకు మరొకరుంటారు. కలవడం ధరలు పెంచడానికి కాకూడదు, మనిషిని నిలబెట్టడానికి కావాలి. అందుకు కావలసింది వారానికో రోజు, ఒక చెట్టునీడ, అందరి ముందూ విప్పే ఒక లెక్కల పుస్తకం, తప్పకూడని ఒక మాట.

ఆ మాటనే మన పెద్దలు సమయం అన్నారు.