సరిహద్దు మీద మన ఆదోని

"మీ వాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు?" అని బడిలోనో, ఉద్యోగంలోనో మన పిల్లల్ని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పిల్లలు ఇంటికొచ్చి మనల్ని అడుగుతారు. మనలో చాలామందికి సరైన జవాబు తెలియదు. తాత పేరు తెలుసు, ముత్తాత పేరు తెలియదు. అందుకే ఈ సంచికలో మన ఊరి చరిత్ర నాలుగు మాటల్లో చెప్పుకుందామని ఈ ప్రయత్నం.

ఆదోని మహానగరమేమీ కాదు. కానీ తుంగభద్రకు దక్షిణాన, రాయచూరు సీమకు ఎదురుగా, రాతి కొండల మీద కోట ఉన్న చోటు. నదికి అవతల ఒక రాజ్యం, ఇవతల ఒక రాజ్యం ఉన్నంత కాలం ఈ కోట ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది పైచేయి. అందువల్ల ఇది ఎప్పుడూ సరిహద్దు ఊరే.

విజయనగర రాజుల కాలంలో ఇది వారి ముఖ్యమైన కోటల్లో ఒకటి. 1565లో రాక్షసి-తంగడి యుద్ధం జరిగాక కొద్ది ఏళ్ళకే బిజాపూరు ఆదిల్‌షాహీల చేతికి వచ్చింది. వారి తరఫున ఇక్కడ పాలించిన వారిలో హబ్షీలు, అంటే ఆఫ్రికా ఖండంలోని అబిసీనియా ప్రాంతం నుంచి వచ్చిన వంశాల వాళ్ళు, పేరుపొందారు. ఆ దేశాల నుంచి బానిసలుగా తేబడినవారు ఎందరో దక్కనులో తమ శక్తి సామర్థ్యాలతో సర్దారులయ్యారు. వారిలో సిద్ది మసూద్ ఖాన్ పేరు మన ఊరు మరచిపోలేనిది. 1662 నుంచి ఆదోని ఆయన ఏలుబడిలో ఉంది. కొంతకాలం బిజాపూరులో బాలుడైన సికందర్ ఆదిల్‌షా తరఫున రాజ్యభారం కూడా మోసి, ఆ దర్బారు కలహాలతో విసిగి 1683లో ఆదోనికి తిరిగి వచ్చేశాడు.

మన జామియా మసీదు ఆయన కట్టించిందే. ఆ రాతి పనితనం చూసినవాళ్ళు ఆగి చూడకుండా పోరు.

బిజాపూరు 1686లో ఔరంగజేబు వశమైంది. రెండేళ్ళకు, 1688లో, మొగలు సేనాని ఫిరోజ్ జంగ్ ఆదోనిని ముట్టడించాడు. మసూద్ ఖాన్ లొంగలేదు. అప్పుడు ఫిరంగుల్ని జామియా మసీదు వైపు తిప్పారనీ, ప్రాణంకన్నా మిన్నగా చూసుకున్న మసీదు కూలిపోతుందని ఆయన కోట తాళాలు ఇచ్చేశాడనీ మన పెద్దలు చెప్తారు. మొగలాయీలు ఊరికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టారు. ఆ పేరు వాళ్ళ నాణేల మీద మిగిలింది, జనం నోట నిలవలేదు.

ఈ మసూద్ ఖాన్ పేరు మసీదుతో ఆగిపోలేదు. తుంగభద్ర ఒడ్డున ఉన్న మంచాల గ్రామాన్ని శ్రీ రాఘవేంద్ర స్వాములవారికి ఇచ్చింది ఆదోని నవాబేనని మంత్రాలయం సంప్రదాయం చెప్తుంది. స్వామివారు 1671లో అక్కడే బృందావన ప్రవేశం చేశారు. ఈ రోజు మంత్రాలయం వెళ్ళే లక్షలాది భక్తులు ఆ కథను భక్తితో చెప్పుకుంటారు. మన పిల్లలకు కూడా ఇది తెలియాలి కదా!

తర్వాత ఆదోని అసఫ్‌జాహీల కిందికి వచ్చింది. నిజాం అలీ ఖాన్ తమ్ముడు బసాలత్ జంగ్‌కు ఇది జాగీరు. ఆయన ఫ్రెంచి దళాన్ని కూడా పోషించాడు. 1782లో ఆయన మరణించాక, 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడించి కోటను పట్టుకుని, గోడల్ని పడగొట్టించాడు. ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. 1688లోనూ, 1786లోనూ కోట లోపలి సర్దారూ ముస్లిమే, బయటి సేనానీ ముస్లిమే. రెండు వైపులా సిపాయిల్లో అన్ని కులాల వాళ్ళూ ఉన్నారు. అవి రాజ్యం కోసం జరిగిన యుద్ధాలే గానీ మతం కోసం కాదు. మన చరిత్రను వేరే రంగు పూసి చెప్పేవాళ్ళకు మన ఊరి కోటే జవాబు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి ధారాదత్తం చేశాడు. దత్తమండలం అన్న పేరు అలా వచ్చింది. ఆదోని బళ్ళారి జిల్లాలో చేరింది. అప్పటి నుంచి 1948 దాకా తుంగభద్రే సరిహద్దు. ఇవతల ఇంగ్లీషు రూపాయి, అవతల నిజాం వారి హాలీ సిక్కా. పెళ్ళి సంబంధాలకు, సంతలకు నది దాటిన మనవాళ్ళు రెండు రకాల డబ్బు లెక్క పెట్టుకోవలసి వచ్చేది. 1871లో బొంబాయి, మద్రాసు రైలు మార్గాలు రాయచూరులో కలిశాక మన ప్రత్తి దూర ప్రాంతాలకు పోయింది. ప్రత్తి ఏకడం వృత్తిగా గల దూదేకుల సోదరులు, నేతగాళ్ళు, గుమాస్తాలు, హమాలీలు అందరికీ ఆ వ్యాపారమే కూడు పెట్టింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాకు, రాయదుర్గం అనంతపురానికి వచ్చాయి. బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది. యుద్ధం లేకుండానే సరిహద్దు మళ్ళీ జరిగింది. అక్క ఇక్కడ, చెల్లెలు బళ్ళారిలో. అక్క పిల్లలు బడిలో తెలుగు చదివితే చెల్లెలి పిల్లలు కన్నడం చదివారు. పండగకు అందరూ కలిస్తే మాట్లాడుకునేది మాత్రం ఇంటి దక్కనీ ఉర్దూనే. అందులో సగం తెలుగు, కన్నడ మాటలే! కొందరిళ్ళలో అయితే ముందునుంచీ తెలుగే ఇంటి భాష. పీర్ల పండగకు గుండం చుట్టూ ఆడేవాళ్ళలో ఎవరు ఏ మతమో ఎవరూ అడగరు.

కాబట్టి పిల్లలు అడిగితే ధైర్యంగా ఇలా చెప్పండి: మనలో కొందరి పూర్వీకులు దూరదేశాల నుంచి వచ్చినవాళ్ళు, చాలామంది ఈ మట్టిలోనే పుట్టినవాళ్ళు. రాజ్యాలే వచ్చాయి, పోయాయి. మనం ఇక్కడే ఉన్నాం.

చివరిగా సొసైటీ సభ్యులకు ఒక విన్నపం. పాత ఇనాం కాగితాలు, పారశీకంలోని సనదులు, నికానామాలు, వక్ఫు పత్రాలు ఎవరి ఇళ్ళలోనైనా ఉంటే చెదలపాలు చేయకండి, పాత సామాన్లవాడికి వేయకండి. ఆస్తి తగాదా వచ్చినప్పుడే గాక, మన ఉనికిని ఎవరైనా ప్రశ్నించినప్పుడు కూడా అవే మనకు సాక్ష్యం. వాటిని ఫోటో తీయించి ఉంచండి. డెబ్బై దాటిన పెద్దల పక్కన కూర్చుని వాళ్ళ నోటి మాట రాసిపెట్టండి. మసూద్ ఖాన్ కోటను వదులుకుని మసీదును కాపాడుకున్నాడంటారు. మనం వదులుకోవలసింది కొంచెం తీరిక మాత్రమే.

అల్లాహ్ మనందరికీ ఆ బుద్ధి ప్రసాదించుగాక. ఆమీన్.