కూలిన వంతెన – ఒక నేతగాని పద్యం

స్కాట్లండులోని డండీ పట్టణాన్ని ఒరుసుకొని టే నది సముద్రంలో కలుస్తుంది. 1878లో ఆ నదీముఖంపై దాదాపు రెండు మైళ్ళ రైలువంతెన ప్రారంభమయింది. దానిని రూపొందించిన ఇంజనీరు థామస్ బౌచ్‌కు మరుసటి ఏడు విక్టోరియా రాణి ‘సర్’ బిరుదునిచ్చి సత్కరించింది. ఆ ఊరివాడే విలియం మెగోనగల్ అనే చేనేత కార్మికుడు వంతెనను చూచి మురిసిపోయి, స్తుతిపద్యమొకటి వ్రాశాడు.

1879 డిసెంబరు 28, ఆదివారం. ఆ రాత్రి పెనుగాలికి వంతెన నడిమిభాగమంతా, దానిపై పోతున్న రైలుతో సహా నదిలో కూలిపోయింది. రైలులోనివారు ఒక్కరూ బ్రతకలేదు.

మెగోనగల్ మళ్ళీ కలం పట్టాడు. నిజం చెప్పాలంటే అది మంచి పద్యం కాదు. పాదాలు కుంటుతాయి, ప్రాస కోసం మాటలు పాట్లు పడతాయి. ఆంగ్లంలో అతి చెడ్డ కవి ఎవరంటే నేటికీ అతని పేరే చెబుతారు. అదే దుర్ఘటనపై జర్మన్ రచయిత థియొడోర్ ఫోంటేన్ 1880లో ప్రకటించిన గాథాగీతం ఎంతో గొప్పది. ‘మాక్బెత్’లోని మంత్రగత్తెలను రప్పించి, మనిషి కట్టినవన్నీ ఎంత అల్పమో చూపుతాడాయన. అయితే అక్కడ వంతెనను కూల్చేవి ప్రకృతిశక్తులే.

మన నేతగాడూ గాలిని దయ్యమనే అన్నాడు. కాని అంతటితో ఊరుకోలేదు. పక్కలకు ఊతగోడలు కట్టి ఉంటే వంతెన నిలిచేదని తెలివైనవారు అంటున్నారని చెప్పి ముగించాడు. విచారణసంఘం 1880లో తేల్చినదీ ఆ దారినే ఉంది. బౌచ్ గాలి ఒత్తిడిని సరిగా లెక్కలోకి తీసుకోలేదు. స్తంభాలను కలిపే అడ్డుకట్లు బలహీనం. పోత ఇనుములోని బొరియలను మైనం, ఇనుపరజను కలిపిన ముద్దతో పూడ్చి కప్పిపుచ్చారని కూడా సాక్ష్యాలలో బయటపడింది.

పద్యంలో మృతులు తొంభైమంది. నది ఒడ్డున 2013లో నిలిపిన స్మారకశిలలపై ఉన్న పేర్లు 59. చరిత్రకారునికి శిలపై లెక్కే ప్రమాణం. అయినా ఆ తొంభైని తప్పని కొట్టివేయడానికి నాకు మనసొప్పదు. ఎవరు పోయారో, ఎందరు పోయారో తెలియక ఊరు తల్లడిల్లిన రోజుల లెక్క అది.

1887లో కొత్త వంతెన వచ్చినప్పుడు మెగోనగల్ మూడవ పద్యం వ్రాశాడు. అందులో ముందుగా మెచ్చుకొన్నది దాని దిట్టమైన స్తంభాలనూ ఊతగోడలనూ. మొదటిసారి మోసపోయిన ఊరు రెండవసారి వంతెనను ఏ కళ్ళతో చూచిందో చెప్పడానికి ఆ ఒక్క మెచ్చుకోలు చాలదా?

పాతవంతెన స్తంభాల మొదళ్ళు కొత్తదాని పక్కనే నీటిలో నేటికీ కనిపిస్తాయి.