చూరు కింద చిలుము

రండి, గొడుగు అరుగు మీద ఆరేయండి. గడప కాస్త ఎత్తు, చూసుకుని దాటండి. విజయవాడ సత్యనారాయణపురంలో ఇలాంటి ఇళ్ళు ఇంకా అక్కడక్కడా మిగిలే ఉన్నాయి: ముందు వరండా, తర్వాత హాలు, పక్కన పడగ్గది, పైన మేడగది, వెనక ఒకప్పుడు అద్దెకిచ్చిన వాటా. 2012 శ్రావణమాసం. శనివారం సాయంత్రం. పొద్దుటి నుంచీ ముసురు వదల్లేదు.

పడగ్గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నది ఈ ఇంటాయన, రిటైరైన లెక్కల మేష్టారు. తెర మీద కొడుకు. ఇంగ్లండు నుంచి ఒలింపిక్స్ సంగతేదో చెప్పబోయి, తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయాడు. కాసేపటికి బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయింది. గొంతు గరగరమంది. అంతే, కాల్ తెగిపోయింది. టేబుల్ చివర మోడెం మీద డీఎస్‌ఎల్ దీపం మినుకుమినుకుమంటోంది. లైను బాగుంటే ఆ దీపం నిలకడగా వెలగాలి.

"రెండు ఎంబీపీఎస్ అని బిల్లేస్తారు. వచ్చేది ఇదీ" అంటారు మేష్టారు, చెయ్యి తిప్పి చూపిస్తూ.

ఫిర్యాదు చేస్తే ఇంకా పెద్ద ప్లానుకి మారమన్నారట. మోడెం పాతబడిందేమోనని కొత్తది కొన్నారు. వైరస్ పట్టిందేమోనని పక్కింటి ఇంజనీరింగ్ కుర్రాడు విండోస్ మొత్తం తీసేసి మళ్ళీ వేశాడు. ఇన్ని జరిగాయి గానీ, తలెత్తి వైరు వంక చూసినవాళ్ళు లేరు. మన ఇళ్ళలో నెట్ రాకపోతే తప్పు ఎప్పుడూ కనపడని చోటే ఉంటుందనుకుంటాం. సర్వర్ డౌన్ అంటాం. గోడకి కొట్టిన వైరు కళ్ళెదుటే ఉంటుంది కాబట్టి అది నేరస్తుల జాబితాలోకి రాదు.

కాఫీ గ్లాసులు తెచ్చిన అమ్మగారి మాట మాత్రం శ్రద్ధగా వినండి. "ఈ గదిలో ఫోను ఎత్తి పట్టుకుంటే నెట్టు కాస్త కుదురుకుంటుంది. మేడ మీది ఫోను ఎత్తితే చచ్చూరుకుంటుంది. చెబితే అందరూ నవ్వుతారు."

గేటు దగ్గర టీవీఎస్ బండి ఆగింది. లైన్‌మన్. భుజాన సంచి, నడుముకి వేలాడుతున్న టెస్ట్ ఫోను, తడిసిన చొక్కా. ఏళ్ళ తరబడి ఈ వీధుల్లో స్తంభాలెక్కిన మనిషి. అమ్మగారి మాట విని అతను నవ్వలేదు. "సగం జబ్బు అమ్మగారే చెప్పేశారండీ" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మోడెం పేజీ తియ్యండి మేష్టారూ."

బ్రౌజర్లో 192.168.1.1 కొట్టారు మేష్టారు. దగ్గరికి వచ్చి చూడండి. ఈ పేజీలో మనకు కావలసినవి నాలుగే అంకెలు. లైన్ రేటు 640 కిలోబిట్లు, రావలసింది 2048. తప్పుల లెక్క చూస్తుండగానే పెరుగుతోంది. అటెన్యుయేషన్ 24 డెసిబెల్స్, అంటే ఎక్స్ఛేంజీ నుంచి ఇక్కడికి వచ్చేసరికి సిగ్నలు ఎంత నీరసించిందో ఆ లెక్క. ఏడీఎస్‌ఎల్‌లో ఒక కిలోమీటరు రాగితీగకు సుమారు 14 డెసిబెల్స్ పోతాయి. మేష్టారు కాగితం అక్కర్లేకుండానే భాగించేశారు: "కిలోమీటరూ ముప్పాతిక." అంత దగ్గరలో ఉన్న ఇంటికి రెండు ఎంబీపీఎస్ చాలా చిన్న పని. ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్ రకం లైను మీద ఈ దూరానికి దానికి అయిదారు రెట్లు రావడం కష్టమేమీ కాదు.

నాలుగో అంకె ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్: 5. రొదకు పైన సిగ్నలుకు ఇంకా ఎంత ఊపిరి మిగిలిందో చెప్పే అంకె ఇది. ఆరుకు తగ్గితే లైను నిలబడటం కష్టం. పెళ్ళిపందిట్లో బాజాభజంత్రీల పక్కన నిలబడి కబుర్లు చెప్పుకోవడం లాంటిది. గొంతు ఎంత బాగున్నా లాభం లేదు. మోడెం కూడా అలాంటప్పుడు మనం చేసే పనే చేస్తుంది. నిదానంగా, తక్కువ మాటల్లో చెబుతుంది. 640 అందుకే.

"దూరం బాగానే ఉందండీ. రొదే ఎక్కువుంది. అదీ ఇంటి చుట్టుపక్కలే" అన్నాడు లైన్‌మన్. "256 దాటితే చాలు బ్రాడ్‌బ్యాండేనని 2004 పాలసీలో రాశారుగా, రూలు ప్రకారం మీకు నెట్ బ్రహ్మాండంగా వస్తున్నట్టే లెక్క" అని తనే నవ్వి లేచాడు.

వరండాలోకి పదండి. గోడ మీద, తల ఎత్తులో, పసుపురంగుకి తిరిగిన చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది చూశారా? రోజెట్. వీధిలోంచి వచ్చిన లైను ఇంట్లోకి దిగే మొదటి చోటు ఇదే. లైన్‌మన్ మూత విప్పి, టెస్ట్ ఫోను క్లిప్పులు తగిలించి, చెవి దగ్గర పెట్టుకుని, తర్వాత మీకిచ్చాడు. వినండి. డయల్ టోన్ ఉంది. దాని మీద నూనెలో ఆవాలు వేసినట్టు కాదు, అంతకంటే పొడిపొడిగా, ఆగి ఆగి, చిటపట. ఇంకా చెవి ఒత్తి పెట్టండి. టోన్ అడుగున ఎవరో మాట్లాడుతున్నారు. మాటలు అందవు, వరస మాత్రం తెలుస్తోంది. తర్వాత సన్నగా పాట.

"ఆకాశవాణి" అన్నారు మేష్టారు ఫోను తీసుకుని, ఆశ్చర్యంగా.

అవును. 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ కేంద్రం మీడియం వేవ్‌లో పలికేది 837 కిలోహెర్ట్జ్ మీద. మనిషి గొంతుకు టెలిఫోను వాడుకునేది 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా. డీఎస్‌ఎల్ దాని పైనున్న ఖాళీ జాగాలో కాపురం పెట్టింది. ఇంటికి వచ్చే సమాచారానికి పాత ఏడీఎస్‌ఎల్ 138 నుంచి 1,104 కిలోహెర్ట్జ్ వరకూ వాడుకుంటే, 2 ప్లస్ రకం 2,200 దాకా వెళుతుంది. ఆ మేరను నాలుగేసి కిలోహెర్ట్జ్ చిన్న చిన్న గదులుగా కోసి, ఒక్కో గదిలో కాసిని బిట్లు పెట్టి పంపుతుంది. 837 అంటే సుమారుగా 194వ గది. మేష్టారి మోడెం రోజూ ఆ గది తలుపు తీసేసరికి లోపల ఆకాశవాణి కూర్చుని ఉంటోంది.

రేడియో ఫోను తీగలోకి ఎలా వచ్చింది? మంచి జంట తీగకు ఆ బాధ ఉండదు. రెండు తీగల్ని ఒకదాని చుట్టూ ఒకటి మెలిపెడితే బయటి రొద రెండింటి మీదా సమానంగా పడి, చివర్లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. గ్రాహంబెల్ 1881లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. కానీ ఈ ఇంటి లోపల ఎవరో ఎలక్ట్రీషియన్ కొట్టింది మెలికల్లేని బల్లపరుపు వైరు. మాటకి అది బాగానే పనికొచ్చింది. ఏళ్ళ తరబడి ఎవరికీ ఇబ్బంది లేదు. అదే వైరు డీఎస్‌ఎల్ రోజుల్లో ఏంటెన్నా అయి కూర్చుంది.

అయితే రేడియో *వినపడటం* వేరే సంగతి. దానికి ఎక్కడో ఒక డయోడ్ లాంటిది కావాలి. లైన్‌మన్ తల వెనక్కి వాల్చి చూస్తున్నది దానికోసమే. స్తంభం నుంచి వచ్చిన వైరు సన్‌షేడు కింద, సరిగ్గా చూరు నీళ్ళు కారే చోట, నల్ల టేపు చుట్టిన ముడితో ఇంటి వైరుకి అతుక్కుని ఉంది. స్టూలు వేసుకుని ఎక్కి, టేపు విప్పాడు. టేపు లోపల్నుంచి రెండు చుక్కల నీళ్ళు మణికట్టు మీద పడ్డాయి. ముడి కిందికి దించి చూపించాడు.

రాగి కనపడటం లేదు. తీగ మెలికల సందుల్లో నెమలిపింఛపు పచ్చ, అంచుల్లో తెల్లటి పొడి. గోటితో గీకితే రాలుతోంది. చిలుము. పూజగదిలో తోమకుండా వదిలేసిన పంచపాత్రకు పట్టేదే ఇది కూడా. రాగికి పట్టిన ఈ పొర కరెంటును సరిగా పోనివ్వదు; పోనిచ్చినా ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ. డయోడ్ చేసే పని అదే. అందుకే ఆకాశవాణి.

అమ్మగారి చిక్కుముడి కూడా ఇక్కడే విడిపోయింది. రిసీవర్ ఎత్తితే ఎక్స్ఛేంజీ నుంచి 48 వోల్టుల బ్యాటరీ కరెంటు ఆ ముడి గుండా పారుతుంది. ఆ ఒత్తిడికి చిలుము పొర కాస్త చిట్లి, అతుకు తాత్కాలికంగా బాగుపడుతుంది. పెట్టేస్తే మళ్ళీ మామూలే. మరి మేడ మీది ఫోను ఎత్తితే ఎందుకు చస్తుంది?

మేడ మెట్లెక్కాలి. ఎక్కే దారిలో గోడవార వైరు చూసుకుంటూ రండి. రోజెట్ నుంచి మూడు పాయలు బయలుదేరాయి. ఒకటి పడగ్గది మోడెంకి. ఫోను మాటనీ నెట్ సిగ్నలునీ విడదీసే స్ప్లిటర్ అక్కడే ఉంది, అంటే ఆ గది ఫోనుకు మాత్రమే కాపలా. రెండోది ఈ మేడ మీది పారలల్ ఫోనుకి, మధ్యలో ఫిల్టరన్నదే లేకుండా. ఇది ఎత్తిన క్షణాన డీఎస్‌ఎల్ సిగ్నలు సగం ఈ ఫోనులోకి జారుకుంటుంది. మూడోది వెనక వాటాలోకి. అద్దెకున్నవాళ్ళు ఎప్పుడో ఖాళీ చేశారు, ఫోను తీసుకెళ్ళారు, వైరు వదిలేశారు. బియ్యం డబ్బాల వెనక దాని కొస దొరికింది. తెగిన కొస, గాలిలో.

మేష్టారు అడుగులు వేసి కొలిచారు. అటూ ఇటూ 30 మీటర్లు. ఎవరూ వాడని వైరుతో నష్టమేమిటంటారా? సిగ్నలు ఆ పాయలోకి కూడా వెళుతుంది, కొసన దారి లేక వెనక్కి తిరిగొస్తుంది, వచ్చేసరికి అసలు సిగ్నలుకు ఎదురవుతుంది. పాయ పొడవు తరంగంలో నాలుగో వంతుకి సరిపోయిన చోట రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 30 మీటర్ల వైరుకి ఆ చోటు ఒకటిన్నర మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల పడుతుంది, సరిగ్గా ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్ నడివీధిలో. అయినా ఈ ఇంట్లో పెద్ద దొంగ చూరు కింది ముడే. వెనక వాటా వైరు చిల్లర దొంగ.

ఊరికే అనుకోవడం కాదు, తేల్చాలి. లైన్‌మన్ ఆ ముడి కోసి పారేసి, రెండు తీగల్నీ మెరిసేదాకా గీకి, లోపల జెల్లీ నింపిన చిన్న కనెక్టర్లో పెట్టి ప్లయర్‌తో నొక్కాడు. ఇక నీళ్ళు తగలవు. తర్వాత రోజెట్ నుంచి ఇంట్లోకి పోయే మూడు పాయల్నీ విప్పేశాడు. "మోడెం ఇక్కడికి తెండి." వరండాలో స్టూలు మీద మోడెం, రోజెట్ నుంచి దానికి మూరెడు వైరు, ఇంకేమీ లేదు. ఇంటిని మొత్తంగా పక్కన పెట్టేశామన్నమాట.

దీపం మినుకుమంది. వేగం పెంచింది. నిలిచింది.

మేష్టారు మళ్ళీ 192.168.1.1 కొట్టారు. లైన్ రేటు 2048. మార్జిన్ 29. తప్పుల లెక్క సున్నా దగ్గరే కూర్చుంది. అదే కంపెనీ, అదే ప్లాను, అదే మోడెం.

మిగిలింది చకచకా అయిపోయింది. స్ప్లిటర్ రోజెట్ పక్కకే వచ్చేసింది. దాని ఒక చెవి మోడెంకి, రెండో చెవి ఇంట్లోని ఫోన్లన్నిటికీ. వెనక వాటా వైరు రోజెట్ దగ్గరే కట్. మోడెం ఇక హాల్లోనే, వరండా గోడకి ఇవతల. పడగ్గదికి వైఫై చాలు.

కొడుకు మళ్ళీ తెర మీదికి వచ్చాడు, ఈసారి కదులుతూ. తండ్రి చెప్పిందంతా విని, "మా ఇంట్లోనూ ఇదే గోల నాన్నా" అన్నాడు. అక్కడి పాత ఇళ్ళలో ఫోను గంట కోసం మూడో తీగ ఒకటి వేసేవారు. ఆ ఒంటి తీగకు జంట లేదు. రొద పట్టడంలో మన బల్లపరుపు వైరుని మించింది. మూడో నంబరు స్క్రూ దగ్గర దాన్ని ఊడదీస్తే చాలా ఇళ్ళలో వేగం పెరుగుతుంది. కొత్త రకం బ్రిటిష్ మాస్టర్ సాకెట్‌కి కింది సగం విప్పితే లోపల టెస్ట్ సాకెట్ ఉంటుంది; మోడెం దాంట్లో పెడితే ఇంటి వైరింగ్ మొత్తం తెగిపోతుంది. మన లైన్‌మన్ స్టూలు మీద చేసిన పరీక్షే, కాకపోతే ఫ్యాక్టరీలోనే అమర్చి ఇచ్చారు.

ఇప్పుడు మన ఊళ్ళలో ఫైబరు బాగా పాకింది. గాజుపోగులో పోయేది వెలుగు. చిలుముకీ ఆకాశవాణికీ అక్కడ ప్రవేశం లేదు. బ్రిటన్‌లోనైతే రాగితీగల పాత ఫోను సర్వీసుకి 2027 జనవరి ఆఖరు గడువు పెట్టారు. ఈలోగా మీరు గానీ, పెద్దవాళ్ళు గానీ ఇంకా రాగి లైను మీదే ఉంటే, ప్లాను మార్చేముందు, మోడెం కొనేముందు, దాన్ని ఇంట్లోకి వచ్చే మొదటి డబ్బా దగ్గర పెట్టి, మిగతా వైర్లన్నీ విప్పి, ఒక్కసారి అంకెలు చూడండి. బాగుపడితే తప్పు మీ ఇంటి గోడల్లో ఉంది. బాగుపడకపోతే ఆ అంకెలే రాసి ఫిర్యాదు చేయండి, ప్లాను మార్చమని ఎవరూ తప్పించుకోలేరు. ఒక్క జాగ్రత్త: ఉరుముతున్నప్పుడు ఆ డబ్బా జోలికి పోకండి. మామూలప్పుడు కూడా తీగ కొసలు చేత్తో పట్టుకోకండి. సరిగ్గా అప్పుడే ఎవరైనా ఫోను చేస్తే గంట కోసం వచ్చేది 75 వోల్టులు.