కొయ్య వ్యర్థాల కంపోస్టు: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు

రంపపు పొట్టు, బెరడు, కొమ్మారెమ్మా, చిత్రిక పట్టినప్పుడు రాలే పేళ్లు: వీటిని పేడతో, పచ్చి ఆకుతో కలిపి మాగబెట్టిన ఎరువును కొయ్య కంపోస్టు అంటారు.

ఈ అడవి అంచున కొయ్య నేలలో కలిసిన పాత దారి నిప్పు. కోయలు, కొండరెడ్లు పోడు కొట్టి, నరికినదాన్ని ఎండబెట్టి, వానలకు ముందే కాల్చి, బూడిదలో విత్తేవారు. కొన్నేళ్లకు ఆ చెలకను అడవికే వదిలేసేవారు. గోదావరి కొండల్లోని కొండరెడ్లపై మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ రాసిన పుస్తకం 1945లో వెలువడింది. బూడిదలో సున్నం, పొటాష్ మిగులుతాయి, నత్రజని మాత్రం పొగతో పోతుంది. అడవి మళ్లీ ఎదిగేంత గడువు దొరికినన్నాళ్లు ఆ లోటు పూడుతూ వచ్చింది. పోడును తప్పుపట్టేవాళ్లు ఈ గడువు సంగతి మరవకూడదు.

కాల్చకుండా కుళ్లబెట్టే పద్ధతికి శాస్త్రరూపం ఇచ్చింది ఇండోర్. అక్కడ శాస్త్రవేత్తలు ఆల్బర్ట్ హోవార్డ్, యశ్వంత్ వాడ్ రూపొందించిన విధానం 1931లో పుస్తకంగా వచ్చింది. గట్టి పత్తికట్టె, కందికట్టెలను ముందు బండ్ల బాటలో పరిచి, చక్రాల కింద నలగనిచ్చి, తర్వాతే కుప్ప వేసేవారు. పత్తి, కంది పండే ఖమ్మం రైతుకు ఇది నేటికీ పనికొచ్చే ఉపాయం.

ఈ అడవి అంచునే ఉన్న సారపాకలో భద్రాచలం పేపర్‌బోర్డ్స్ మిల్లు 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2002లో ఐటీసీలో విలీనమైంది. కాగితపు గుజ్జు కోసం జామాయిల్, సుబాబుల్ తోటలు చేలల్లోకి వచ్చాయి. వాటితోపాటే బెరడు, కొమ్మల చెత్తా వచ్చింది.

కొయ్యతో చిక్కు నత్రజని దగ్గరే. రంపపు పొట్టులో ఒక పాలు నత్రజనికి కర్బనం 300 పాళ్లకు పైనే ఉంటుంది. కుప్ప బాగా మాగాలంటే 30 పాళ్లు చాలు. పచ్చి పొట్టును మడిలో కలిపితే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకుంటాయి, వంగ, మిరప మొక్కల ముదురాకులు ముందు పసుపెక్కుతాయి. అందుకే పొట్టు పొరల మధ్య పేడ, పచ్చి ఆకు వేస్తారు. పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతే తడి. కుప్ప లోపల వేడి 55–65 డిగ్రీలకు చేరుతుంది. వేడి తగ్గాక బెరడు మీద తెల్లని బూజు దారాలు అల్లుకుంటాయి. కొయ్యకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను విడగొట్టేది ఈ శిలీంధ్రాలే. కుప్ప ఎండితే చెదలు పడతాయి. జామాయిల్ ఆకు, బెరడుల్లోని నూనెలు, ఫినాల్స్ మొలకను అడ్డుకుంటాయి కనుక వాటిని ఏడాదిపాటు మాగనివ్వడం మేలు. ప్లైవుడ్, రంగు వేసిన కలప పొట్టును మాత్రం కుప్పలో కలపకూడదు. జిగురు, రంగుల్లోని రసాయనాలు కూరగాయల మడికి చేరతాయి.